ఎదురొస్తే కాల్చాలా, తప్పుకోవాలా?

బౌషర్‌లో నలుగురు తెలుగు పిల్లల విమానాల ఆట.. అందులో ఒక తగువు

బౌషర్ (ఒమన్): ‘హెడ్‌ఆన్’ అనే మాట మనలో చాలామందికి రోడ్డు ప్రమాదాల వార్తల్లో కనిపించేదే. మా ఇంట్లో మాత్రం కొన్ని నెలలుగా అది ఆట మాట. ఆన్‌లైన్‌లో ఆడే యుద్ధ విమానాల గేముల్లో రెండు విమానాలు ముక్కుకు ముక్కు ఎదురుగా దూసుకొస్తూ ఒకదాన్నొకటి కాల్చుకోవడాన్ని హెడ్‌ఆన్ అంటారు. అలా కాల్చడం మర్యాదేనా అన్న విషయం మీద మా బిల్డింగ్‌లోని తెలుగు పిల్లల మధ్య పెద్ద తగువే వచ్చింది. ఇద్దరు ప్రాణ స్నేహితులు ఏడు వారాలు మాట్లాడుకోలేదు.

ఏడు వారాలంటే ఏముంది, పిల్లల అలకలు మామూలే కదా అనిపించవచ్చు. గల్ఫ్‌లో పిల్లల్ని పెంచేవాళ్లకు మాత్రం అది చిన్న లెక్క కాదు. ఇక్కడ స్నేహాలకు గడువు ఉంటుంది. పన్నెండో తరగతి పరీక్షలు అయిపోగానే ఒకరు హైదరాబాద్, ఇంకొకరు చెన్నై, మరొకరు కెనడా. మన వీసాలు ఎప్పటిదాకా ఉంటాయో మనకే తెలియదు. అలిగిన ఇద్దరిలో ఒకడు మా అబ్బాయి, పదో తరగతి. రెండోవాడు మూడో అంతస్తులో ఉండే కరీంనగర్ వాళ్ల అబ్బాయి, పన్నెండో తరగతి. నవంబర్ చివర్లో గొడవ జరిగింది. మార్చిలో వాడి బోర్డు పరీక్షలు, ఆ తర్వాత ఇండియా ప్రయాణం. చేతిలో ఉన్నదే నాలుగు నెలలు. అందులో సగం మౌనంలో పోయేలా ఉంది.

అందుకే ఈ ఆట ఏమిటో, ఈ మర్యాద ఎక్కడ పుట్టిందో తెలుసుకుందామని నేనే కూర్చున్నాను. విమానం అంటే మస్కట్ విమానాశ్రయంలో ఎక్కి శంషాబాద్‌లో దిగడం మాత్రమే తెలిసిన మనిషిని. తెలుసుకుంటూ పోతే విషయం ఇంత లోతుగా ఉంటుందని అనుకోలేదు.

గొడవ ఎలా మొదలైంది?

ఎండాకాలంలో బౌషర్‌లో పిల్లలు బయట ఆడే పరిస్థితి ఉండదు. చలికాలంలో సాయంత్రాలు బాగానే ఉంటాయి కానీ, అప్పటికి కంప్యూటర్ అలవాటు స్థిరపడిపోతుంది. మా నలుగురు పిల్లలు ఆడేది ‘వార్ థండర్’. గైజిన్ అనే సంస్థ 2012లో జనం ముందుకు తెచ్చిన ఆట. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల నుంచి నేటి జెట్ల దాకా అన్నీ ఉంటాయి. శుక్రవారం రాత్రి నలుగురూ ఒక లీగ్ పెట్టుకున్నారు. ఇద్దరిద్దరు తలపడాలి, ఓడినవాళ్లు గెలిచినవాడికి షవర్మా, కరక్ చాయ్ ఇప్పించాలి.

ఆ రోజు ఫైనల్. మా వాడిది స్పిట్‌ఫైర్, బ్రిటిష్ విమానం. కరీంనగర్ అబ్బాయిది పి-47 థండర్‌బోల్ట్, అమెరికాది. ముందే ఒక ఒప్పందం చేసుకున్నారు: ‘ఫస్ట్ మెర్జ్ నో షూట్’. అంటే ఎదురెదురుగా వచ్చి మొదటిసారి ఒకరినొకరు దాటేదాకా కాల్చకూడదు. దాటాక పోరు మొదలు. దాటారు. నాలుగు చుట్లు తిరిగేసరికి స్పిట్‌ఫైర్ వెనక్కి చేరిపోతోంది. అప్పుడు థండర్‌బోల్ట్ కిందికి దూకి, దూరం పోయి, పైకి లేచి, వెనక్కి తిరిగి, నేరుగా మా వాడి ముఖం మీదికి వచ్చి ఎనిమిది మెషిన్‌గన్లూ ఒక్కసారి పేల్చింది. స్పిట్‌ఫైర్ ముక్కలైంది.

“చీటింగ్! నో హెడ్‌ఆన్ అనుకున్నాం కదరా!” అని మా వాడు. “మొదటిసారి దాటేదాకనే అనుకున్నం. తర్వాత ఏమన్న అనుకున్నమా?” అని వాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఒకడు పిరికివాడన్నాడు, ఇంకొకడు చేతకాక ఏడుస్తున్నావన్నాడు. గ్రూపులో ఇంకా ఏవేవో మాటలు పడ్డాయి. మిగిలిన ఇద్దరు పిల్లలు చెరోవైపు చేరారు. మరుసటి వారం లిఫ్ట్‌లో కరీంనగర్ వాళ్లమ్మ కలిసినప్పుడు, “అక్కా, మావోడు తిండి కూడ సక్కగ తింటలేడు, ఏమైందో చెప్తలేడు” అంది. మా వాడూ అంతే.

రెండు సెకన్ల లెక్క

హెడ్‌ఆన్ మీద ఆటగాళ్లకు అంత కోపం ఎందుకో ముందు అర్థం కాలేదు. మా వాడి చేతే లెక్క వేయించాను. ఒక్కో విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే, ఇద్దరూ దగ్గరయ్యే వేగం 1000 కిలోమీటర్లు. అంటే సెకనుకు దాదాపు 278 మీటర్లు. ఎనిమిది వందల మీటర్ల దూరంలో కాల్చడం మొదలుపెట్టి, రెండు వందల దగ్గర పక్కకు తప్పుకోవాలంటే మధ్యలో దొరికేది రెండు సెకన్ల పైచిలుకు. ఆ రెండు సెకన్లలో నైపుణ్యానికి పెద్దగా చోటు లేదు. ఇద్దరి గురీ సూటిగానే ఉంటుంది, ఇద్దరి గుండ్లూ తగులుతాయి. నాణెం ఎగరేసినట్టే. పది నిమిషాలు ఓపిగ్గా పైకెక్కి, మబ్బుల చాటున పొంచి, ఎత్తు సంపాదించుకున్నవాడు ఆ నాణెం పందెంలో పోతే మండిపోదా మరి!

అయితే ఆ కోపం ఆటలోని అన్ని విభాగాల్లో ఒకేలా ఉండదు. ‘ఆర్కేడ్’ పద్ధతిలో కూలిపోయినా వెంటనే ఇంకో విమానం ఎక్కవచ్చు. అక్కడ హెడ్‌ఆన్‌లు చాలా మామూలు, ఎవరూ పట్టించుకోరు. ‘రియలిస్టిక్’లో ఒకసారి పోతే సాధారణంగా ఆ పోరుకు మీ పని అయిపోయినట్టే. మరమ్మతు ఖర్చు కూడా ఆట డబ్బుల్లోంచే పోతుంది. అక్కడే ఈ మర్యాద గోల ఎక్కువ. ఆట నియమాల్లో మాత్రం హెడ్‌ఆన్ నేరం కాదు. ఆటగాళ్లు తమలో తాము పెట్టుకున్న కట్టుబాటు అది.

ఈ కట్టుబాటు ఇప్పటిది కూడా కాదు. ఇంటర్నెట్ ఇంటింటికీ రాకముందే, 1980ల చివర్లో, అమెరికాలో కెస్మాయ్ అనే సంస్థ ‘ఎయిర్ వారియర్’ అనే ఆట నడిపింది. ఫోన్ లైన్ మీద, గంటకు ఇంత అని డబ్బు కట్టి ఆడేవాళ్లు. ఆ తర్వాత 1990ల్లో ‘వార్‌బర్డ్స్’, 2000లో ‘ఏసెస్ హై’, 2001లో రష్యా నుంచి ‘ఐఎల్-2 స్టుర్మోవిక్’. ఈ ఆటల వాళ్లకు కొన్ని ఆచారాలు ఏర్పడ్డాయి. ఇద్దరు తలపడే పోటీలో మొదటిసారి దాటేదాకా కాల్చకూడదు. బాగా పోరాడి ఓడించినవాడికి చాట్‌లో ‘ఎస్!’ అని ఒక్క అక్షరం పెట్టాలి. సెల్యూట్ అని దాని అర్థం. కావాలని విమానంతో గుద్దేవాణ్ని మాత్రం ఎవరూ క్షమించరు.

మినహాయింపులూ ఉన్నాయి. ఒక్కడి మీదికి ముగ్గురు వస్తే వాడు ఎలా కాల్చినా ఎవరూ తప్పు పట్టరు. పెద్ద బాంబర్ల మీదికి ఎదురు నుంచి వెళ్లడం తప్పు కాదు, పైగా తెలివైన పని. ఈ రెండోదాని వెనక అసలు యుద్ధంలో జరిగిన కథ ఉంది.

అసలు యుద్ధంలో ఏం జరిగింది?

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓస్వాల్డ్ బోల్కే అనే జర్మన్ పైలట్ తన కుర్రాళ్లకు ఎనిమిది సూత్రాలు రాసిచ్చాడు. అది 1916. వైమానిక పోరుకు అవే తొలి పాఠాలని ఇప్పటికీ చెబుతారు. దాడి చేస్తే వెనక నుంచే చేయమన్నాడు. శత్రువు పైనుంచి మీ మీదికి దూకితే పారిపోవద్దు, అతనికి ఎదురు వెళ్లమన్నాడు. అంటే ఆయన లెక్కలో ఎదురు వెళ్లడం దొంగదెబ్బ కాదు, ఆత్మరక్షణ. ఇది చదివి వినిపిస్తే మా వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. అంత పాఠాలు చెప్పిన బోల్కే అదే ఏడాది అక్టోబర్ 28న పోయాడు. శత్రువు తూటాకు కాదు. ఒకే విమానాన్ని తరుముతున్న సొంత సహచరుడి విమానం తగిలి.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బి-17 బాంబర్లకు వెనక, పక్కల, కింద, పైన అంతటా తుపాకులు ఉండేవి. ముందు వైపు మాత్రం పలచన. ఎగాన్ మాయర్ అనే జర్మన్ పైలట్ ఇది గమనించాడు. 1942 నవంబర్ 23న ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్ మీదికి వచ్చిన బాంబర్ల మీద తన దళంతో నేరుగా ఎదురు నుంచి దాడి చేయించాడు. బాంబర్ ముందు భాగంలో ఉండేది పైలట్లే కదా. ఆ దెబ్బకు తర్వాత వచ్చిన బి-17జి రకంలో ముక్కు కింద, గడ్డం దగ్గర, ప్రత్యేకంగా రెండు తుపాకుల గూడు అమర్చాల్సి వచ్చింది.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం జాన్ థాచ్ ఉదంతం. పసిఫిక్‌లో జపాన్ వాళ్ల జీరో విమానం ఇట్టే తిరిగిపోయేది. అమెరికా వైల్డ్‌క్యాట్ అలా తిరగలేదు. వెనక పడితే ఇక అంతే. థాచ్ అగ్గిపుల్లలు బల్ల మీద పేర్చుకుని ఒక ఉపాయం ఆలోచించాడు. రెండు వైల్డ్‌క్యాట్లు పక్కపక్కనే వెళ్తుంటాయి. ఒకదాని వెనక జీరో పడగానే, రెండూ ఒకదానివైపు ఒకటి తిరుగుతాయి. తరుముకొచ్చే జీరోకు రెండో విమానం సరిగ్గా ఎదురుగా వచ్చి కాలుస్తుంది. 1942 జూన్‌లో మిడ్‌వే యుద్ధంలో ఇది పనిచేసింది. జడలు అల్లినట్టు అటూ ఇటూ దాటుకునే ఈ పద్ధతికి ఆయన పేరే పెట్టారు, థాచ్ వీవ్ అని. హెడ్‌ఆన్ ఇక్కడ బలహీనుడి ఆయుధం.

ఇది తెలిశాక మా వాడి వాదన నాకు కొంచెం పలచబడింది. స్పిట్‌ఫైర్ తేలిక విమానం, చక్రంలా తిరుగుతుంది. థండర్‌బోల్ట్ బరువు దానికి సుమారు రెట్టింపు. తిరుగుడులో దానికి గెలుపు లేదు. దాని బలం వేరే: ఎనిమిది తుపాకులు, కిందికి దూకే వేగం, గాలితో చల్లబడే పద్దెనిమిది సిలిండర్ల ఇంజిన్. రెండు మూడు గుళ్లు తగిలినా ఆ ఇంజిన్ లాక్కొస్తుంది. స్పిట్‌ఫైర్ ఇంజిన్‌ను చల్లబరిచేది ద్రవం. ఆ గొట్టానికి ఒక్క చిల్లు పడితే కాసేపట్లో ఇంజిన్ పట్టేస్తుంది. మరి హెడ్‌ఆన్ వద్దు అనే మర్యాద ఎవరికి లాభం? తిరిగే విమానం వాడికి. ఒకరి బలాన్ని మర్యాద అని, ఇంకొకరి బలాన్ని మోసం అని అంటే ఎలా? మా ఇంట్లో ఈ మాట అన్నప్పుడు మా వారు నవ్వి, “నీ కొడుక్కి వ్యతిరేకంగా వాదిస్తున్నావేంటి” అన్నారు. వాదన కాదు, లెక్క చూస్తున్నాను అన్నాను.

పైగా బాగా ఆడేవాళ్లు హెడ్‌ఆన్‌ను తిట్టుకుంటూ కూర్చోరట. ఎదుటివాడు నేరుగా వస్తున్నాడని కిలోమీటరుకు పైగా దూరం ఉండగానే తెలిసిపోతుంది. అప్పుడే కొంచెం పక్కకు, అతని ముక్కు కిందికి జారిపోతారు. కాల్చాలన్న పట్టుదలతో అతను సూటిగా వస్తూనే ఉంటాడు. మీరు మాత్రం దాటకముందే తిరగడం మొదలుపెట్టేస్తారు. దాటేసరికి అతని తోక మీ ముందు. ఇది మా బిల్డింగ్‌లో నాలుగో పిల్లవాడు, ఎనిమిదో తరగతి చదివే విశాఖ అబ్బాయి, చేతులు రెండూ గాల్లో ఆడిస్తూ నాకు చూపించాడు. “ఆంటీ, అన్న అప్పుడే కిందకి జారిపోయుంటే గెలిచేసేవాడండీ” అన్నాడు, మా వాడు వినకుండా.

మన రోడ్లు, ఇక్కడి ఇసుక తిన్నెలు

మా నాన్న ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. నరసరావుపేట వైపు సింగిల్ రోడ్లన్నీ ఆయనకు కంఠతా. ఒక రోజు ఫోన్‌లో ఈ గొడవంతా చెప్పి, రాత్రిపూట ఎదురుగా లారీ వస్తే ఎవరు మట్టిలోకి దిగాలి నాన్నా అని అడిగాను. ముందు డిప్పర్ కొట్టాలి, అన్నారు. లైటు దించితే ‘చూశాను’ అని అర్థం. వాడూ దించితే ఇద్దరూ చెరో చక్రం మార్జిన్‌లోకి దించుకోవాలి. బరువు మీదున్న లారీ అయితే దాన్ని రోడ్డు మీదే ఉండనిచ్చి ఖాళీ బండి దిగాలి, ఎందుకంటే లోడు బండి మట్టిలో దిగితే ఒరిగిపోతుంది. వాడు లైటు దించకపోతే? “దించకపోతే నేనే దిగేవాణ్ని. నా వెనకాల యాభై మంది కూర్చుని ఉంటే వాడితో పంతమేంటమ్మా.”

ఇందులో ఒక్కటి కూడా నియమాల పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. కానీ ఆ దారిలో తిరిగే ప్రతి డ్రైవర్‌కూ తెలుసు. తెలియని కొత్త డ్రైవర్ వచ్చినప్పుడే ప్రమాదం.

బౌషర్‌లో ఉండేవాళ్లకు ఇంకో ఉదాహరణ కళ్లెదుటే ఉంది. ఊరి మధ్యలోనే ఇసుక తిన్నెలు. వారాంతంలో ఫోర్‌వీల్ బండ్లు, క్వాడ్ బైకులు వాటి మీద తిరుగుతుంటాయి. తిన్నె శిఖరం మీదికి ఎక్కేదాకా అవతల ఏముందో కనిపించదు. అటు నుంచి ఇంకొకరు అదే శిఖరానికి ఎక్కుతూ ఉండవచ్చు. అందుకే జాగ్రత్తగలవాళ్లు బండికి పొడవాటి కర్ర కట్టి జెండా తగిలిస్తారు. బండి కనిపించకపోయినా జెండా కనిపిస్తుంది. మా నాన్న డిప్పర్‌కు, ఈ జెండాకు పెద్ద తేడా లేదనిపించింది నాకు.

ఇక్కడ బర్కా, సీబ్ వైపు చలికాలంలో ఎద్దుల పోట్లు జరుగుతాయి. స్పెయిన్‌లో లాగా కత్తులూ గిత్తలూ కాదు. రెండు ఎద్దులు తల తల ఢీకొంటాయి, వెనక్కి తగ్గిందో పారిపోయిందో అదే ఓటమి. తాళ్లు పట్టుకుని మనుషులు సిద్ధంగా ఉండి విడదీసేస్తారు. మన పొట్టేళ్ల పందేలు చూసినవాళ్లకు కొత్తగా అనిపించదు. ఢీ అంటే ఢీ అనే చోట కూడా తాడు పట్టుకునేవాడు ఒకడు ఉంటాడు.

నిజమైన పైలట్లు ఏం చేస్తారు?

కరీంనగర్ అబ్బాయి ఎన్డీఏ పరీక్షకు చదువుతున్నాడు. ఖడక్‌వాస్లాలో మూడేళ్లు, ఆ తర్వాత మన హైదరాబాద్ పక్కనే దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో శిక్షణ, అదీ వాడి కల. 2019 అక్టోబర్‌లో ‘ఈస్టర్న్ బ్రిడ్జ్’ విన్యాసాలకు మన మిగ్-29లు ఒమన్‌లోని మసీరా దీవికి వచ్చాయని వాడు ఇప్పటికీ చెబుతాడు. గొడవ తర్వాత నేను వాడిని ఒకసారి కూర్చోబెట్టి, నిజం పైలట్లు సాధనలో ఇలా ఎదురు కాల్పులు చేస్తారా, చూసి చెప్పు బాబూ అన్నాను. నా ఉద్దేశం వాడిని ఇరికించడం కాదు, వాడికి తెలిసినంత నాకు తెలియదు కాబట్టి.

రెండు రోజుల తర్వాత వాడే వచ్చి చెప్పాడు. అమెరికా వైమానిక, నౌకాదళాల శిక్షణ నియమాల్లో ముందు వైపు నుంచి తుపాకీ దాడి నిషిద్ధం. ఉత్తుత్తి పోరే, తూటాలు ఉండవు, అయినా నిషిద్ధం. ఎందుకంటే గురి పెట్టాలంటే ముక్కు ఎదుటివాడి మీదే ఉంచాలి, అంటే గుద్దుకునే దారిలోనే ఉండాలి. రెండు విమానాల మధ్య కనీసం 500 అడుగుల ఎడం ఉండాలన్నది పాత కాలం నుంచి ఉన్న గీత. ఎదురెదురుగా దాటేటప్పుడు, వేరే సూచన లేకపోతే, ఇద్దరూ కుడికి జరగాలి. అప్పుడు ఎడమ పక్క, ఎడమ పక్క చూసుకుంటూ దాటిపోతారు. మామూలు పౌర విమానాలకు కూడా ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలన్నదే ప్రపంచమంతటా నియమం. మస్కట్ రోడ్డు మీద మనం చేసేదీ అదే, ఇండియాలో దానికి తిరకాసు.

గల్ఫ్ కుటుంబాలు మరచిపోకూడని సంగతి ఒకటి ఇక్కడే చెప్పాలి. 1996 నవంబర్ 12 సాయంత్రం. ఢిల్లీ నుంచి దహ్రాన్ బయలుదేరిన సౌదీ జంబో జెట్, షిమ్‌కెంట్ నుంచి ఢిల్లీకి దిగుతున్న కజకిస్తాన్ విమానం, హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి. మొత్తం 349 మంది చనిపోయారు, ఒక్కరూ మిగల్లేదు. సౌదీ విమానంలో ఉన్నవాళ్లలో చాలామంది పని కోసం గల్ఫ్‌కు వెళ్తున్న మనలాంటివాళ్లే. అప్పట్లో ఢిల్లీకి వచ్చే, పోయే విమానాలకు ఒకటే దారి. కజక్ విమానం 15 వేల అడుగుల దగ్గర ఆగాలి, అంతకంటే కిందికి దిగిపోయింది. సౌదీ విమానం 14 వేల దగ్గర ఉంది. రెండింటిలోనూ ఎదుటి విమానాన్ని పసిగట్టి హెచ్చరించే టీకాస్ పరికరం లేదు. ఆ తర్వాతే ఇండియాలో దాన్ని తప్పనిసరి చేశారు.

టీకాస్ చేసే పని చాలా సులువైనది. ఒకరికి ‘ఎక్కు’ అని, ఇంకొకరికి ‘దిగు’ అని చెబుతుంది. ఇద్దరూ ఒకే మాట వినాలి, అంతే. 2002 జూలై 1న జర్మనీలోని ఉబర్లింగెన్ మీద ఏం జరిగిందంటే, రష్యన్ విమానానికి పరికరం ఎక్కమంది, కింద ఉన్న కంట్రోలర్ దిగమన్నాడు. పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. ఎదుటి కార్గో విమానం పరికరం మాట విని దిగుతోంది. 71 మంది పోయారు. అది సూటిగా ఎదురుపడటం కాదు, అడ్డంగా దాటుతుండగా జరిగింది. కానీ ఇద్దరి దగ్గరా నియమం ఉంది, ఇద్దరూ నియమం పాటించారు, అవి వేరువేరు నియమాలు.

ఇది విన్నాక కరీంనగర్ అబ్బాయి కాసేపు ఏం మాట్లాడలేదు. “ఆంటీ, మేమిద్దరం గూడ గట్లనే అనుకున్నం గదా. నాకు ఫస్ట్ మెర్జ్ వరకే, వాడికి మొత్తం” అన్నాడు.

కాగితం మీద రాసుకున్నారు

జనవరి రెండో వారంలో ఒక శుక్రవారం విశాఖ వాళ్లింట్లో నలుగురూ చేరారు. ముందే మా వాడి చాట్‌లో ‘ఎస్!’ అని ఒక్క అక్షరం వచ్చింది. ఎవరు పంపారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

రాజీ అంత తేలిగ్గా ఏమీ కుదరలేదు. మా వాడు చివరిదాకా తన మాట మీదే ఉన్నాడు, వెనక నుంచి కొట్టి గెలిస్తేనే గెలుపని. రష్యన్ ఆటగాళ్లయితే దీన్ని ‘లొబొవాయా అటాకా’ అని గొప్పగా చెప్పుకుంటారని, ఎవరు ముందు భయపడి తప్పుకుంటారో చూసే ధైర్య పరీక్షగా భావిస్తారని కరీంనగర్ అబ్బాయి. మధ్యలో మహాభారతం కూడా వచ్చింది. యుద్ధానికి ముందు రాసుకున్న నియమాలన్నీ అభిమన్యుడి దగ్గరికి వచ్చేసరికి ఏమయ్యాయని ఒకడు అడిగాడు.

దారి చూపింది చిన్నవాడే. హెడ్‌ఆన్ ఉందో లేదో విమానం ఎంచుకోకముందే చెప్పేయాలి అన్నాడు. ఉందంటే బరువు విమానం తీసుకునేవాడు తీసుకుంటాడు, లేదంటే తిరిగేది తీసుకుంటాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. మేం పెద్దవాళ్లం వారాల తరబడి ఎవరిది న్యాయం అని చూస్తున్నాం, ఎప్పుడు చెప్పాలి అన్నది ఎవరికీ తట్టలేదు.

కాగితం మీద రాసి గోడకు అంటించారు. ఎలా అయినా మొదటిసారి దాటేదాకా కాల్పులు లేవు, ఎడమ పక్క ఎడమ పక్క చూసుకుంటూ దాటాలి. బాంబర్ల మీద ఎటు నుంచైనా రావచ్చు. ఒకడి మీద ఇద్దరు ఉంటే ఆ ఒకడికి ఏ నిబంధనా లేదు. కావాలని గుద్దితే ఆ వారం ఆట లేదు. ఓడినవాడు ముందు ‘ఎస్!’ పెట్టాలి, ఆ తర్వాతే తిట్టుకోవాలి. ఈ చివరిది మా వారికి భలే నచ్చింది.

ఒక్కటి మాత్రం తెగలేదు. పొరపాటున గుద్దుకుంటే ఎవరిది తప్పు? ఇక్కడి నుంచి సర్వర్‌కు సమాచారం వెళ్లి రావడానికి కొంత సమయం పడుతుంది. సెకనులో ఏడో వంతు ఆలస్యమనుకున్నా, ఆ వేగంలో నలభై మీటర్ల తేడా. స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు పదకొండు మీటర్ల చిల్లర. ఆట ఆ తేడాను ఊహించి సరిచేసి చూపిస్తుంది కానీ, ఇద్దరి తెరల మీద ఒకే దృశ్యం ఉండదు. మా వాడి కంప్యూటర్‌లో చక్కగా తప్పించుకున్నట్టు, వాడి కంప్యూటర్‌లో రెక్క తగిలినట్టు కనిపించవచ్చు. ఇద్దరూ చెప్పేది నిజమే. ‘ఏసెస్ హై’ లాంటి ఆటల్లో ఎవరి తెర మీద తగిలితే వాళ్ల విమానానికే దెబ్బ అని పెట్టారట, అవతలివాడు హాయిగా ఎగిరిపోతాడు. అది న్యాయమని విశాఖ అబ్బాయి, కాదని మిగతా ముగ్గురూ.

ఏప్రిల్‌లో కరీంనగర్ అబ్బాయి ఇండియా వెళ్లిపోయాడు. జాయ్‌స్టిక్ సామానులో పట్టక మా ఇంట్లోనే వదిలి, అక్కడ ఇంకొకటి కొనుక్కున్నాడు. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర, అక్కడ పదకొండు, శుక్రవారం అదే సమయం. పరీక్ష దగ్గర పడిందని వాళ్లమ్మ ఒక్క ఆటకే ఒప్పుకుంది. మొదటి వారమే ఇద్దరూ గుద్దుకున్నారు. మా వాడి తెర మీద తగల్లేదు, వాడి తెర మీద తగిలింది. షవర్మా ఎవరు ఎవరికి బాకీ, పైగా ఒమన్ నుంచి కరీంనగర్‌కు దాన్ని ఎలా ఇప్పించాలి అన్నది ఇంకా తేలలేదు.